ఫోను బ్యాటరీ ఫోనుకే ఉండాల

నాయనా,

కలమల్ల ఇంట్లో ఫైబర్ ఫోను పెట్టించినావని తెలిసి చాలా సంతోషమైంది. కువైట్ నుంచి మీ నాయన మాట్లాడేది మీ జేజికి తేటగా వినబడుతోందంట. వానల కాలం వస్తోంది కాబట్టి ఒక మాట చెప్తా, చెవిన పెట్టుకో. కరెంటు పోయి తెల్లారినా రాకపోతే ఆ ఫోను మోగాలంటే, ముందు పెద్ద బ్యాటరీ కోసం పరిగెత్తొద్దు. ఫోనుకని పెట్టిన బ్యాటరీ మీద ఇంకేదీ ఆడకుండా చూసుకో.

పాత ల్యాండ్‌లైన్ ఊరంతా చీకటైనా పలికేది గదా, దానికి కారణం ఇదే. మా టెలిఫోను ఎక్స్‌ఛేంజీలో 2 వోల్టుల సెల్లు 24 వరసగా కలిపి 48 వోల్టులు చేసేవాళ్లం. ఆ కరెంటే రాగి తీగ వెంబడి ఇంటింటి ఫోనుకు వచ్చేది. వేరే పనికి ఆ బ్యాటరీని ముట్టనిచ్చేవాళ్లం కాదు. ఆసిడు చిక్కదనం చూపే హైడ్రోమీటరు ముంచి, అంకె చూసి, రిజిస్టరులో రాసేవాళ్లం. ఇప్పుడొచ్చిన గాజు తీగలో వెలుగు వస్తుంది గానీ కరెంటు రాదు. ఇంట్లోని మోడెంకు తిండి మనమే పెట్టుకోవాల.

పక్కనే 1650 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఉంది, మనకేం భయమని అనుకోవద్దు. కరెంటు అక్కడ పుట్టినా మనింటికి సబ్‌స్టేషను మీదుగా, స్తంభాల మీదుగానే రావాల. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు విశాఖ అంతటి నగరంలోనే రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లూ మూగబోయినాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది మన జిల్లాలోనే. అట్లాంటి పూట ఒక్క ఫోను పలికినా ఎంత ధైర్యం!

ఇప్పుడు లెక్క చూడు. మీ ఇన్వర్టరు బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు. అందులో సగమే వాడుకోవాల, అడుగంటా తోడితే బ్యాటరీ త్వరగా చస్తుంది. ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి 200 వాట్లు లాగితే ఆ 900 నాలుగున్నర గంటల్లో ఖర్చు. వాటన్నిటినీ ఆపేస్తే, మోడెంకు 10 వాట్లు, ఇన్వర్టరు తన కోసం తినేది ఇంకో 15 అనుకున్నా, 36 గంటలు వస్తుంది. అదే బ్యాటరీ, అదే ఇల్లు.

ఇంకో మేలైన దారి ఉంది. మోడెంలు ఎక్కువగా నడిచేది 12 వోల్టుల మీదే. బ్యాటరీ 12 వోల్టులను మళ్లీ 230కి ఎక్కించి, అడాప్టరుతో దించడం వృథా. 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ వేరుగా పెట్టు. సగం వాడినా దాదాపు 24 గంటలు నడుస్తుంది. అయితే మోడెంను బ్యాటరీకి నేరుగా తగిలించొద్దు నాయనా. చార్జింగ్ అయ్యేటప్పుడు 14 వోల్టులు దాటుతుంది, మోడెం కాలిపోవచ్చు. మధ్యలో 12 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటరు, బ్యాటరీ ప్లస్ దగ్గర ఒక ఫ్యూజు వేయించు. ముందు మోడెం అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసిందో చూసుకో. మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంచు. లోడు తీసి కాసేపాగి చూస్తే 12.7 ఉందంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగమైనట్టు.

మన ఎండలు బ్యాటరీకి పగ. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకూ దాని ఆయుస్సు దాదాపు సగానికి పడిపోతుంది. రేకుల కింద పెట్టొద్దు. నాపబండలు పరిచిన నడిమింట్లో, గాలి ఆడే మూల పెట్టు. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచు, చార్జింగ్‌లో మండే వాయువు వస్తుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పొయ్యి, బోరు నీళ్లు వద్దు.

ఇంతా చేసి ఒకటి మరిచిపోవద్దు. కేబులాయన దగ్గరుండే పెట్టెకు కరెంటు లేకపోతే మన బ్యాటరీ నిండుగా ఉన్నా ఫోను పలకదు. ఆయన్ను మర్యాదగా అడుగు, "అన్నా, కరెంటు పోతే మీ వైపు ఎన్ని గంటలు నిలుస్తుంది?" అని. దాన్ని బట్టి మన ఖర్చు పెట్టుకోవాల. ఎందుకైనా మంచిది, వేరే కంపెనీ సిమ్ముతో ఒక బటన్ ఫోను చార్జి చేసి, ఆపి, జేజి పెట్టెలో ఉంచు. 108, మీ నాయన నంబరు, నా నంబరు పెద్ద అక్షరాలతో గోడకు అంటించు.

వచ్చే ఆదివారం పొద్దున మెయిన్ స్విచ్చి ఆపు. ఫోను ఎంతసేపు నిలిచిందో గడియారం చూసి రాసిపెట్టు. ఆ అంకె నాకు చెప్పు, ఏ బ్యాటరీ కొనాలో అప్పుడు ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం. చల్లగా ఉండు.

మీ చిన్నబ్బ,
ప్రొద్దుటూరు