కాపరి విశ్రాంతి

ధ్యానభాగము: 1 రాజులు 19, మార్కు 6:30–46



చెరకు గానుగలు ఆగిన పిమ్మట మూడు నెలలు సంఘసేవనుండి సెలవు తీసుకొందుమని చెప్పినది మొదలు, అనకాపల్లి బెల్లపు బజారులోను పల్లెలలోను పలు మాటలు వినబడుచున్నవి. అయ్యగారికి జబ్బు చేసినదని కొందరు, సంఘపెద్దలతో మాట పడినదని కొందరు, పట్నపు సంఘము పిలిచినదని మరికొందరు. ఏదియు నిజము కాదు. అలసియున్నాము, అంతే. కాపరి వాక్యము తెరచినప్పుడెల్ల వచ్చు ఆదివారపు ప్రసంగమే కన్నుల యెదుట నిలుచును. తన ప్రాణము కొరకు చదువుకొను ఘడియ దొరకదు.

ఏలీయాను చూడుడి. కర్మెలుమీద అగ్ని దిగివచ్చిన పిమ్మట ఆయన బెయేర్షెబాలో తన దాసుని విడిచి, అరణ్యములో బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. దేవుడు గద్దించెనా? లేదు. దూత తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. ఆయన తిని మరల పండుకొనెను. దూత రెండవసారియు వచ్చి లేపెను. హోరేబులోని మాట తరువాతిది. ముందు నిద్ర, ఆహారము. ఎలీషాను అభిషేకింపవలెనను ఆజ్ఞయు ఆ ప్రయాణములోనే కలిగెను.

“ప్రభువు విశ్రమింపబోగా జనులు ముందుగా పరుగెత్తిరి, ఆయన కనికరపడి బోధించెను గదా” అని ఒక సహోదరుడు అడిగెను. మంచి ప్రశ్నయే. అయితే అధ్యాయమును అక్కడ మూయకూడదు. అయిదువేలమంది తృప్తిపొందిన పిమ్మట ఆయన శిష్యులను దోనె యెక్కించి, జనులను పంపివేసి, ప్రార్థించుటకు కొండకు వెళ్లెను. విశ్రాంతి ఆలస్యమాయెను గాని రద్దు కాలేదు.

మన రైతులకు దీనిని ఎక్కువగా చెప్పనక్కరలేదు. మొక్కతోట నరికిన పిమ్మట అదే మొదళ్లనుండి కార్శి తీయుదురు. మరల మరల తీసినయెడల గడలు సన్నబడును, తెగుళ్లు పట్టును. తెలిసిన రైతు ఆ మొదళ్లను పెరికి వేరొక పంట వేయును. లేవీయకాండము 25లో దేవుడు ఏడవ యేట భూమికే విశ్రాంతి నియమించెను.

మన తెలుగు బాప్టిస్టుల చరిత్రయు ఇట్టిదే. 1862లో జ్యూయెట్ దొరగారు ఆరోగ్యము చెడి అమెరికాకు వెళ్లిరి. అక్కడి మిషను పెద్దలు తెలుగు పనిని మూసివేయ నాలోచించుచుండిరి. ఎవరును తోడు రాకున్నను తాను ఒంటరిగా తిరిగిపోయి తెలుగువారి మధ్యనే చనిపోవుదునని ఆయన చెప్పగా పని నిలిచెను. 1865లో ఆయనతో క్లౌ దొరగారు వచ్చిరి. 1872లో క్లౌ గారు స్వదేశమునకు పోగా ఒంగోలు పనిని మెక్లారిన్ గారు చూచిరి. ఆ మెక్లారిన్ గారే 1874లో కాకినాడ చేరి, థామస్ గాబ్రియేలు గారు ప్రారంభించిన పనిని చేపట్టి, కెనడియన్ బాప్టిస్టు మిషనుకు పునాది వేసిరి. మన అనకాపల్లి క్షేత్రము ఆ మిషనుదే. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చినది క్లౌ గారు కాదు; ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి ఇచ్చిరి.

దొరలకు ఓడ టిక్కెట్టుతో సెలవుండెను. ఎండలో పల్లెలు తిరిగిన తెలుగు బోధకుల సెలవు ఏ పుస్తకములోను మాకు కనబడలేదు. నేటికిని పల్లెకాపరికి సెలవనగా మంచము పట్టుటయే.

మన సంఘములోని ఒక వృద్ధురాలు మాత్రము సూటిగా అడిగెను: “నానీ మూడు నెలల్లో పోతే నన్నెవులు మట్టిలో పెడతారు బాబూ?” పరిచారకులు పెడతారంటిమి. “ఆళ్లకి ప్రార్థనొచ్చా?” అనెను. ప్రక్కనున్న పెద్ద పరిచారకుడు తల వంచుకొనెను. విశ్వాసులందరు యాజకులేయని మనము తరతరములుగా బోధించుచున్నాము. ఆ మాటకు పరీక్ష ఆమె నోట వచ్చెను.

అప్పటినుండి ప్రతి గురువారము సాయంకాలము నలుగురు పరిచారకులు మందిరములో కూడి, సమాధి కార్యక్రమమును, రోగుల యొద్ద చేయు ప్రార్థనను నేర్చుకొనుచున్నారు. మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయమును గట్టిగా చదువుచున్నారు. ప్రభువు బల్లకు పొరుగు సంఘకాపరి వచ్చును. మందిరపు తాళపుచెవి పెద్ద పరిచారకుని యొద్దనుండును.

మొన్న గురువారము ఆ వృద్ధురాలు వెనుక బల్లమీద కూర్చుండి కడవరకు విని, చేతికర్ర అందుకొని లేచి, “బాగానే సదువుతున్నారు. ఎల్లిరా బాబూ” అనెను.