పాత చీరల బొంతకు ఎంత అని రాయాలి?

పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే నోటు పుస్తకం మీరందరూ చూసే ఉంటారు. పందిరి దగ్గర ఒక మూల బల్ల వేసుకుని, లెక్కల్లో నమ్మకమైన బంధువు ఒకాయన కూర్చుని ఉంటాడు. పేరు, ఊరు, ఎంత. మూడే గళ్ళు. ఫంక్షన్ అయిపోయాక ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. మళ్ళీ ఎవరింట్లోనైనా పెళ్ళి వస్తే బయటికి తీస్తారు. వాళ్ళు మనకు 500 పెట్టి ఉంటే మనం 500 కంటే తక్కువ పెట్టకూడదు. నన్నడిగితే అది బహుమతుల పుస్తకం కాదు, అప్పుల పుస్తకం. వడ్డీ ఒక్కటే తక్కువ.

అప్పు అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. పెళ్ళి ఖర్చు ఒక్క ఇంటి మీద పడకుండా పది ఇళ్ళు తలా కొంచెం మోస్తాయి. మా సోషల్ మేడమ్ ఒకసారి చెప్పారు, ఫ్రాన్స్ దేశంలో మార్సెల్ మోస్ అనే పండితుడు 1925లో బహుమతుల గురించి రాస్తూ, చాలా సమాజాల్లో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ తప్పించుకోలేని బాధ్యతలే అన్నాడట. అది విని మేమంతా నవ్వాం. ఆయన మన నోటు పుస్తకం చూసి ఉంటే అంత కష్టపడి రాయాల్సిన పని ఉండేది కాదేమో!

కానీ నాకొక సందేహం. తిరిగి ఇవ్వలేనివాళ్ళు ఏం చేస్తారు?

నాకు తెలిసిన జవాబు ఒకటే. వాళ్ళు బంధువుల ఇళ్ళకు పోవడం మానేస్తారు. మా నాన్న రెండేళ్ళు మా అత్త వాళ్ళింటికి పోలేదు. గొడవేమీ లేదు. అత్త ఆయనకు సొంత అక్క. ఉండేది కూడా దూరం కాదు, కుప్పం. కె.ఆర్.పురం స్టేషన్‌లో రైలెక్కితే బంగారుపేట, బిసానత్తం, గుడుపల్లి దాటి కుప్పం వచ్చేస్తుంది. మా కొత్త ఇంటి గృహప్రవేశానికి (బాడుగ ఇల్లే, అయినా పాలు పొంగించాం) అత్త పెద్ద మొత్తమే చదివించింది. ఆ తర్వాత నాన్న పని తగ్గింది. "చేతులూపుకుంటూ ఎట్ల పోయేది?" అనేవాడు. ప్రతి పండక్కీ అదే మాట. అత్త ఇచ్చిన డబ్బే అక్కా తమ్ముళ్ళ మధ్య గోడలాగా నిలబడిపోయింది.

ఈ సంవత్సరం వదినకు, అంటే అత్త కూతురికి, పాప పుట్టింది. పేరు పెట్టే ఫంక్షన్‌కు రమ్మని అత్త ఫోన్ చేసింది. వెండి మొలతాడు పెట్టాలని నాన్న, అంత డబ్బు లేదని అమ్మ. చివరికి అమ్మ బొంత కుడతానంది.

బొంత తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఉత్తర కర్ణాటకలో దీన్ని కౌది అంటారు. బాగా ఉతికి ఉతికి మెత్తబడిన కాటన్ చీరలు మడతల మీద మడతలు పరిచి, పైన మంచి రంగు గుడ్డ వేసి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వరుసలు వరుసలుగా చేతి కుట్టు వేసుకుంటూ వస్తారు. చీర ఎంత పాతదైతే అంత మంచిది. అందుకే పుట్టిన బిడ్డను మన ఇళ్ళలో కొత్త గుడ్డలో కాకుండా పాత చీరలోనో పాత పంచెలోనో చుడతారు. కొత్త గుడ్డ గరుకుగా ఉంటుంది, ఒరుసుకుంటుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా అదే పాత గుడ్డను బహుమతిగా ఇస్తే అవమానం అనుకుంటారు. ఇది నాకు అర్థం కాని విషయం.

అమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో టైలర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడుతూనే ఉంటుంది. రాత్రి అన్నాలు అయ్యాక మళ్ళీ బొంత కుట్టడానికి కూర్చునేది. సూదిలోకి దారం ఎక్కించడం నా పని. ఒకరోజు నేను, "చేత్తో చేసినదానికి విలువ ఎక్కువ కదమ్మా" అన్నాను. స్కూల్లో నేర్చుకున్న మాట. అమ్మ, "ఫ్యాక్టరీలో నేను కాలితో కుడతానా?" అంది.

ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను. నిజమే కదా. మాల్‌లో వేలాడే ప్రతి చొక్కా వెనకా ఎవరో ఒక అమ్మ చేతులు ఉన్నాయి. మిషన్ దానంతట అది కాలరు కుట్టదు. మరి బొంతకూ చొక్కాకూ తేడా ఎక్కడుంది? ఫ్యాక్టరీలో అమ్మ ఒకరోజంతా కాలర్లే కుడుతుంది. ఆ చొక్కా ఏ దేశం పోతుందో, ఎవరు తొడుక్కుంటారో ఆమెకు తెలియదు. వాళ్ళకు కూడా అమ్మ ఉన్నట్టు తెలియదు. బొంత కుట్టేటప్పుడు మాత్రం మధ్యలో ఆపి, "పాప కాళ్ళు ఇక్కడి దాకా వస్తాయేమో" అని మూరతో కొలిచేది. కాబట్టి తేడా చేతిలో లేదు. కుట్టేటప్పుడు ఎవరు గుర్తుకొస్తున్నారు అన్నదాంట్లో ఉంది అని నాకనిపిస్తుంది. ఇంకో మాట కూడా చెప్పాలి. చేత్తో చేసిన బహుమతి చవక అంటారు కానీ అది అబద్ధం. మూడు వారాలు అమ్మ నిద్ర తగ్గింది. మా ఇంట్లో అన్నిటికంటే తక్కువగా దొరికేది అమ్మ టైమే.

పాతదాని గురించి ఇంకొంచెం. మా స్కూల్ పిల్లలు గైడ్లు, డిక్షనరీలు కొనడానికి అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల అంగళ్ళకు పోతారు. 2023 అక్టోబరు నుంచి కె.ఆర్.పురం నుంచి మెజెస్టిక్‌కు నేరుగా మెట్రో ఉంది, అక్కడ రైలు మారి చిక్కపేటలో దిగితే అయిపోయింది. నా ఇంగ్లీష్ డిక్షనరీ అక్కడిదే. ఎవరో పెన్సిల్‌తో కష్టమైన మాటల పక్కన కన్నడలో అర్థాలు రాశారు. ఆ మనిషి నాకు తెలియదు, కానీ రెండేళ్ళుగా నాకు ట్యూషన్ చెప్తున్నట్టే ఉంది. ఇప్పుడు ఫోన్లలో చూస్తే పాత బట్టలు కొనడం ఫ్యాషన్, దానికి థ్రిఫ్టింగ్ అని పేరు. డబ్బున్నవాళ్ళు పాతది కొని చూపించుకుంటారు. లేనివాళ్ళు పాతది కొని దాచుకుంటారు. వస్తువు మాత్రం ఒకటే.

1947 నవంబరులో ఇంగ్లాండు యువరాణి ఎలిజబెత్ పెళ్ళికి గాంధీగారు తాను వడికిన నూలుతో అల్లించిన చిన్న వస్త్రం పంపారు. దాని మీద జై హింద్ అని ఉంది. అది ఇప్పటికీ ఆ రాజకుటుంబం దగ్గర భద్రంగా ఉంది. చాలా గొప్ప విషయం. అయితే గాంధీగారు ఇస్తే చరిత్ర, మా అమ్మ ఇస్తే పాత గుడ్డ, ఎందుకని? తులాభారం కథలో బంగారమంతా పోసినా తూగని కృష్ణుడు ఒక్క తులసి ఆకుకు తూగాడని చెప్తారు. కానీ ఆ ఆకు పెట్టిన రుక్మిణి మహారాణి. ఆమెను చూసి ఎవరూ నవ్వరు. నాకు కుచేలుడి కథే ఎక్కువ నిజం అనిపిస్తుంది. ఆయన పిడికెడు అటుకులు తెచ్చి, ఆ మేడలు చూసి సిగ్గుపడి, ఇవ్వలేక కొంగులో దాచుకున్నాడు. కృష్ణుడే వాటిని లాక్కుని తిన్నాడు. ఇచ్చేవాడి సిగ్గు ఇచ్చేవాడు తీసేసుకోలేడు. పుచ్చుకునేవాళ్ళే తీయాలి. నిరాడంబరంగా ఉండండి అని పెద్దలు ఎప్పుడూ ఇచ్చేవాళ్ళకే చెప్తారు గానీ, పుచ్చుకునేవాళ్ళకు ఎవరైనా ఏమైనా నేర్పిస్తున్నారా? మీరే చెప్పండి.

ఇంతకీ కుప్పంలో ఏమైందంటే, అత్త లాక్కోలేదు. "బాగుంది" అని పక్కన పెట్టింది. ఫోటోలకు పాపను కొత్త వెల్వెట్ దుప్పటిలోనే పడుకోబెట్టారు. అక్కడ కూడా నోటు పుస్తకం ఉంది. రాసే మామ, "బొంతకు ఎంత అని రాసేది?" అని నాన్నను అడిగాడు. నాన్న ముఖం నాకు కనపడలేదు. అమ్మ, "ఏమీ రాయొద్దులే అన్నా" అంది. మామ కొంచెంసేపు పెన్ను పట్టుకుని, బొంత 1 అని రాసి మూడో గడి ఖాళీగా వదిలేశాడు.

చుట్టాలు వెళ్ళాక రాత్రి అత్త బొంతను నేల మీద పరిచి చూసింది. ఆ చీరలన్నీ మా అవ్వవి, అవ్వే ఉగాదికి అమ్మకు ఇచ్చింది. ఆకుపచ్చ ముక్క దగ్గర అత్త చెయ్యి ఆగింది. "ఇది కట్టుకునే కదరా అమ్మ నిన్ను బడిలో చేర్చింది" అంది. నాన్న కాదన్నాడు, అది నీలం చీర అన్నాడు. అవ్వను లేపి అడిగితే ఆమె మూడో రంగు చెప్పింది. ఇద్దరూ పన్నెండు దాకా అదే వాదించుకున్నారు. రెండేళ్ళ మాటలు మిగిలి ఉన్నాయి కదా. పొద్దున రైలుకు బయల్దేరేటప్పుడు చెనిక్కాయలు, రాగిపిండి, చింతపండు మూట కట్టి, వద్దన్నా వినకుండా నాన్న భుజానికెత్తింది అత్త. వాటిని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

బొంత వాడుతున్నారో, బీరువాలో పెట్టారో మాకు తెలియదు. అమ్మ అడగనంది. దసరా సెలవులకు అత్త మా ఇంటికి వస్తానంది. నాన్న ఇప్పటి నుంచే మేడ మెట్ల బల్బు మార్చాలి, మార్చాలి అంటున్నాడు.