నీడా, పెన్సిలూ

జోన్ క్రాఫర్డ్ ముఖం నిండా ఫ్రెకిల్స్ ఉండేవి. 1930ల నాటి ఆమె స్టూడియో ఫొటోలు చూసి ఆ సంగతి ఎవరూ ఊహించలేరు. జార్జ్ హరెల్ తీసిన ఒక ఫొటో మాత్రం రెండు రూపాల్లో మిగిలింది, రీటచ్ చేయకముందూ, చేశాకా. రెండో దాంట్లో చర్మం పాలరాయిలా ఉంటుంది.

రీటచింగ్ అప్పట్లో చేతిపని. హరెల్ వాడింది 8x10 అంగుళాల నెగటివ్. ముఖం మీది నల్లమచ్చ నెగటివ్‌లో పలచగా, వెలుతురు దూరేలా ఉంటుంది. ఆ పలచదనాన్ని సన్నటి పెన్సిల్‌తో నింపితే ప్రింటులో మచ్చ మాయం. అంటే చెరిపింది లేదు, పైన కప్పడమే. (ఫోన్ కెమెరాలో బ్యూటీ ఫిల్టర్ పెట్టుకుని తీసిన సెల్ఫీకి చాలాసార్లు ఆ ‘కింద’ కూడా మిగలదు.)

ఇది అబద్ధమా? ‘సినిమావాళ్ల ఫొటోలంతే, అందరికీ తెలిసిందేగా’ అనే జవాబు నాకు ఆనదు. తెలిసినా కన్ను నమ్మేస్తుంది. అద్దంలో మన ముఖాన్ని దాంతోనే పోల్చుకుంటుంది.

ఇంకో వాదం ఉంది, అది గట్టిది. హరెల్ లైటు మాత్రం దాచదా? పైనుంచి బూమ్ లైటు వేసి, బుగ్గల కింద నీడలు పరిచి, సగం ముఖాన్ని చీకటికి వదిలేసేవాడు. మరి లైటుకి లేని తప్పు పెన్సిల్‌కి ఎందుకు? నీడ చూస్తే అక్కడ మనకి కనబడనిదేదో ఉందని తెలుస్తుంది. పెన్సిల్ అలా కాదు, అక్కడ అసలేమీ లేదంటుంది. పైగా రీటచ్ చేయని ఫొటోలోనూ ఆ వెలుగునీడలు అలాగే ఉన్నాయి, ఆమె అంతే అందంగా ఉంది. నన్నడిగితే ఇంకాస్త ఎక్కువే. పెన్సిల్ అవసరం కళకి కాదు, స్టూడియో భయానికి.

ఆమెకి ఇష్టమేగా, మధ్యలో మనకేం అంటారా? ఇష్టమే. హరెల్ ముందు గంటల తరబడి ఓపిగ్గా పోజిచ్చేది. కానీ లుసీల్ లెస్యూర్ అనే ఆమె అసలు పేరు పనికిరాదని 1925లో ఎంజీఎం తీసేసింది. కొత్త పేరు ఒక పత్రిక పాఠకుల పోటీలోంచి వచ్చింది, అదీ ఆమెకి మొదట్లో నచ్చలేదు. పేరు విషయంలోనే మాట చెల్లనప్పుడు మచ్చల విషయంలో ఆమె ‘సరే’కి ఎంత విలువ కట్టాలి? అలాగని ఆమెని ఉత్త బాధితురాలిని చేయనూ లేను. తల్లి లాండ్రీలో పనిచేస్తుంటే పెరిగిన పిల్ల. ఆ మచ్చలేని ముఖం తనకేం తెచ్చిపెడుతుందో ఆమెకి స్టూడియో కన్నా బాగా తెలుసు.