రెండవ భాష యెవరి కొరకు?

మైపాడు సముద్రతీరమునకు చేరువనున్న మా బంధువుల బాలుడొకడు పదవ తరగతి ముగించి, నెల్లూరిలో ఇంటర్మీడియటు చేరబోవుచు నన్నడిగెను: "మామా, రెండో భాష ఫ్రెంచి తీసుకుంటే తప్పా?" తెలుగులో నెంత వ్రాసినను మార్కులు కోతపడునట, ఫ్రెంచిలో నూటికి దగ్గరగా వచ్చునట. వానికి ఫ్రాన్సు పోవలెనను తలంపు లేదు, ఆ భాషలో నొక గ్రంథమైన చదువవలెనను కోరికయు లేదు. తప్పని చెప్పుటకు నాకు నోరాడలేదు, ఒప్పనుటకును మనసొప్పలేదు.

పరభాష నేర్చుట దోషమని నెల్లూరివాడెట్లనును? 13వ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున నున్న తిక్కన సంస్కృత మెరిగియే కదా భారతమును తెనిగించెను! ఆ యెరుక తెనుగును విడుచుటకు గాక, తెనుగునకు తెచ్చి యిచ్చుటకు పనికివచ్చినది.

ఇంతకంటె సమీపకాలపు నిదర్శనము కెనడాలో గలదు. మాంట్రియలు దాపున సెయింట్ లాంబర్టను ఊర 1965లో ఇంగ్లీషు కుటుంబములవారు పట్టుబట్టి, ప్రభుత్వ పాఠశాలలో తమ చిన్నబిడ్డలకు ఫ్రెంచిలోనే చదువు మొదలుపెట్టించిరి. వాలెస్ లాంబర్టు అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును పరీక్షించి చూడగా, పిల్లలకు ఫ్రెంచి వచ్చెను, ఇంగ్లీషును చెడలేదు. దీనిని చూపి, ఏ భాషలో చదివిన నేమి యని మనవారు కొందరు వాదింతురు. ఆ పిల్లల యింటిలో, అంగడిలో, ఉద్యోగములలో ఇంగ్లీషు స్థిరముగా నిలిచి యున్నదను మాట మాత్రము మరతురు. ఉన్నదానికి తోడుపడు భాష వేరు, ఉన్నదానిని త్రోసివేయు భాష వేరని లాంబర్టే తరువాత విడదీసి చెప్పెను.

అధికారబలముతో వచ్చిన ఫ్రెంచిని తెలుగువారెరుగకపోలేదు. యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. ప్రజాప్రతినిధులు వేరుగా నిర్ణయించువరకు ఫ్రెంచియే అధికారభాషగా నుండునని 1956 నాటి సంధిలో వ్రాసికొనిరి. 1965 నాటి పుదుచ్చేరి చట్టము యానామున తెలుగునకు చోటిచ్చెను. నేడు ఆ యూరి వీధులలో వినబడునది తెలుగే. కొలువు కొరకు పట్టిన భాష కొలువుతోనే పోవును. మార్కుల కొరకు పట్టినదానికి రెండేండ్ల ఆయువైన నుండునా?

మన ఇంటర్మీడియటు ద్వితీయభాషలలో తెలుగు, హిందీ, సంస్కృతము, ఉర్దూలతో పాటు ఫ్రెంచియు గలదు. ఉండుట మేలే. కాని మా తీరగ్రామముల పిల్లలు చదువు ప్రభుత్వ కళాశాలలలో ఫ్రెంచి గురువును నేను చూచి యెరుగను. వలలు లాగువాని కూతురు తెలుగే వ్రాయును. రుసుము చెల్లింపగలవాని కొడుకు మార్కులు రాలు భాషను వెదకికొనును. తుదకు ఇద్దరి మొత్తములను ఒకే తక్కెడలో తూచుచున్నాము. ఇందు బాలునికంటె, ఒక భాషకు పిసినితనముగను వేరొకదానికి ధారాళముగను మార్కులు వేయు మన పెద్దలదే దోషము. తెలుగుకు మార్కులు తగ్గించుటయే భాషాసేవ యనుకొను పండితులును లేకపోలేదు. సంస్కృతమునకును ఈ గతియే పట్టినది: లిపియైన పట్టుబడకయే ఉత్తీర్ణులగువా రెందరో!

ఇదంతయు ఆ బాలునితో చెప్పలేదు. "రెండేండ్ల తరువాత నాకు ఫ్రెంచిలో ఒక ఉత్తరము వ్రాసి, దాని నాకు తెలుగులో చదివి చెప్పగలవా?" అని మాత్ర మడిగితిని. అటువంటి ప్రశ్న పరీక్షలో రాదని వాడు నవ్వెను. దరఖాస్తులో భాష వ్రాయవలసిన గడి యింకను ఖాళీగానే యున్నది. గడువు మరునాటి సాయంకాలము.