డబ్బు పంపితే సరిపోదా? మిద్దె మీద తోటకూర ఎందుకు?



అన్నదానం మాట వచ్చినప్పుడల్లా మన కుర్రాళ్ళకి ఒక డౌట్ వస్తుంది. న్యాయమైన డౌటే. "నెలంతా కుండీలకి నీళ్ళు పోసి, పురుగులు ఏరి, చివరికి నాలుగు కట్టల తోటకూర ఇస్తాను. అదే ఫోన్ తీసి ఐదొందలు కొడితే అంతకు ఎన్నో రెట్ల కూర వస్తుంది కదా! మరి పండించి ఇవ్వడం సేవా, లేక మన సరదాకి మనం పెట్టుకున్న మంచి పేరా?"

దీన్ని భక్తి పేరు చెప్పి దాటేయకూడదు. లెక్క కరెక్టే. ఈ రాత్రి ఆకలితో ఉన్నవాడిని మన మొక్క ఎదిగేదాకా ఆగమనడం ధర్మం కాదు. వరదలో ఇల్లు మునిగినవాళ్ళకి కావాల్సింది వేడి అన్నం, మంచినీళ్ళు. అక్కడ డబ్బే ముందు. మొక్కలు పెంచుతున్నాం కదా అని ఆ చెయ్యి వెనక్కి తీసుకోవద్దు. ఇది ఒప్పుకున్నాకే అసలు ప్రశ్న: డబ్బు చెయ్యలేనిది, పండించడం చేసేది ఏమైనా ఉందా?

ఉంది. ఒకటి తినేవాళ్ళ కంచంలో, ఇంకొకటి ఇచ్చేవాళ్ళ మనసులో.

ముందు కంచం సంగతి. 2013 నాటి ఆహార భద్రతా చట్టం కింద మన దేశంలో రేషన్ కార్డున్న చాలా కుటుంబాలకి మనిషికి నెలకి 5 కిలోల ధాన్యం అందుతుంది. 2023 జనవరి నుంచి అది ఉచితం. అంటే చాలా పేద ఇళ్ళలో బియ్యానికి ఒక దారి ఉంది. పక్కన కూర? దాన్ని కొనుక్కోవాలి. చేతిలో డబ్బు తగ్గితే ముందు తగ్గేది కూరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, తోటకూర ఒక్కటే మందు అని ఎవరూ అనరు. కానీ ఉత్తి అన్నం, పచ్చడితో రోజులు గడిచే కంచంలోకి ఆకుకూర రావడం చిన్న విషయం కాదు.

పైగా ఆకుకూర మూటలో నిల్వ ఉండదు. కోసిన రోజే వండాలి. తినేవాళ్ళకి దగ్గర్లో పండితేనే దాని విలువ. తోటకూర విత్తిన 25-30 రోజుల్లో కోతకి వస్తుంది. ఎండ తగిలే అపార్ట్‌మెంట్ మిద్దె మీద, పక్క వీధి అనాథాశ్రమం కోసం పండించగలిగేది సరిగ్గా ఇదే.

"నా నాలుగు కట్టలు ఎంతమందికి సరిపోతాయి?" అంటారా? 2008లో అమెరికాలోని సౌత్ కరొలినాలో కేటీ స్టాగ్లియానో అనే తొమ్మిదేళ్ళ పాప స్కూల్లో ఇచ్చిన క్యాబేజీ నారు మొక్కను ఇంటి దగ్గర నాటింది. అది దాదాపు 18 కిలోల క్యాబేజీ అయింది. పేదలకి ఉచితంగా భోజనం పెట్టే ఒక వంటశాలకి ఆ పాప దాన్ని ఇచ్చేసింది. అక్కడివాళ్ళు ఇంకొన్ని పదార్థాలు చేర్చి వండితే సుమారు 275 మంది తిన్నారు. తర్వాత 'కేటీస్ క్రాప్స్' పేరుతో వేరే ఊళ్ళ పిల్లలు కూడా ఇలాంటి తోటలు వేశారు. ఆ 275 మంది కడుపు ఒక్క క్యాబేజీ నింపలేదు. పాప కూర, ఇంకొకరి బియ్యం, ఇంకొకరి వంట కలిసి నింపాయి. మన వాటా చిన్నదైనా పర్లేదు, కలిసే చోటు ఉంటే చాలు.

తిరుమలలో జరిగేదీ ఇదే. 1985లో రోజుకి రెండు వేల మందితో మొదలైన నిత్యాన్నదానానికి ఇప్పటికీ ఎందరో దాతలు కూరగాయలు పంపుతుంటారు. పంక్తిలో కూర్చున్నవాళ్ళకి ఆ వంకాయ ఎవరిదో తెలియదు. పంపినవాళ్ళకి ఎవరు తిన్నారో తెలియదు. దానం అంటే అంత నిశ్శబ్దంగా ఉండాలి.

ఇక మనసు సంగతి. ఐదొందలు పంపినప్పుడు "నేను సంపాదించాను, నేను ఇచ్చాను" అనుకోవడం సులువు. ఒక సొరపాదు పెంచి చూడండి. విత్తనం మనం సృష్టించింది కాదు. ఎండ మనది కాదు. పురుగో తేనెటీగో వచ్చి పువ్వు మీద వాలకపోతే పిందె నిలవదు. మనం చేసింది నీళ్ళు పోసి కాచుకోవడం. అలాంటి కాయను చేతిలో పట్టుకుని "ఇది నాది" అనడానికి నోరు రాదు. నాది కానిదాన్ని ఇంకొకరికి ఇస్తుంటే గర్వం ఎక్కడినుంచి వస్తుంది? ఇచ్చేవాడిలోని 'నేను' కరగడమే దానంలో కష్టమైన భాగం. మొక్క ఆ పని మెల్లగా చేయిస్తుంది.

తైత్తిరీయోపనిషత్తు భృగువల్లిలో అన్నం గురించి కొన్ని వ్రతాలు ఉన్నాయి. అన్నాన్ని నిందించకూడదు, కాదని తోసేయకూడదు అని మొదట. తర్వాత దాన్ని సమృద్ధిగా పెంచాలి అని. ఆ తర్వాతే, ఇంటికి వచ్చినవారిని కాదనకూడదు అని. వరస గమనించారా? పెంచడం ముందు, పంచడం తర్వాత.

మరి ఏది ఇవ్వాలి? కఠోపనిషత్తులో నచికేతుడు మన వయసు కంటే చిన్నవాడు. యాగంలో తండ్రి పాలు వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానం చేస్తుంటే చూసి తట్టుకోలేకపోయాడు. ఇచ్చాననే పేరు కోసం పనికిరానిది వదిలించుకోవడం దానమా అన్నదే ఆ పిల్లాడి బాధ. మన ఇళ్ళలో అదే ఇప్పుడు వేరే రూపంలో జరుగుతుంది. ఫ్రిజ్‌లో వాడిపోయినవి, మనం తినం అనుకున్నవి "ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటాం. అలా కాకుండా మొదటి కోత, లేత కోత బయటికి వెళ్ళాలి. అది ఇస్తుంటే కాస్త మనసు లాగుతుంది. లాగనివ్వండి.

ఎలా ఇవ్వాలి? కాశీలో అన్నపూర్ణమ్మ ముందు భిక్షాపాత్ర పట్టుకుని నిలబడ్డది సాక్షాత్తూ శివుడు. ఆ బొమ్మ మన పూజ గదిలో ఉంటుంది కానీ సంచి అందించేటప్పుడు గుర్తురాదు. తీసుకునే చెయ్యి కింద ఉన్నంత మాత్రాన మనిషి తక్కువ కాదు. కాబట్టి వాళ్ళ ముఖాలు ఫోన్‌లో తీసి స్టేటస్ పెట్టొద్దు. వంట చేసే అమ్మను "మీకు ఏది పనికొస్తుందమ్మా?" అని ముందే అడగండి. ఆవిడ గోంగూర కావాలంటే గోంగూర వేయండి. మనకి బ్రకోలీ పెంచాలనే ముచ్చట ఉంటే అది మన ఇంటికి. ఫలానా వారం తెస్తామని చెబితే ఆ వారం తప్పకుండా వెళ్ళండి. ఆ కట్టల్ని నమ్ముకుని అక్కడ వంట మొదలుపెడతారు.

ఇంకో మాట. పేనుబంక పట్టి మీ బెండ మొక్క నాశనమైన రోజున, ఎకరాల కొద్దీ అలా పోగొట్టుకునే రైతు గుర్తొస్తాడు. ఆ తర్వాత రైతుబజార్లో ఐదు రూపాయల కోసం బేరమాడటానికి చెయ్యి ఆగుతుంది. ఇదీ దానంలో భాగమే.

ఈ ఆదివారం రెండు గ్రో బ్యాగులు, కాస్త పశువుల ఎరువు, గుప్పెడు తోటకూర విత్తనాలు తెచ్చుకోండి. దగ్గర్లో రోజూ ఎక్కువమందికి వండే చోటు ఏదో కనుక్కోండి. నెల తర్వాత మొదటి కట్ట అక్కడికి వెళ్ళాలి. ఈలోగా ఎవరికైనా ఆకలేస్తే డబ్బూ పంపండి. రెండు చేతులూ ఉన్నది అందుకే.

అన్నపూర్ణమ్మ చల్లని చూపు మీ ఇంటి మీద, మీ మిద్దె మీద ఉండాలి. శుభం.