నిపుణ వ్యవస్థలో ఆప్తవాక్యం

ఒక రంగంలో ఆరితేరినవారి తెలివిడిని నియమాలుగా పేర్చి, వాటి మీద తర్కించి సలహా చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామును నిపుణ వ్యవస్థ అంటారు. రక్తంలో సోకిన ఇన్‌ఫెక్షన్లను గుర్తించడానికి 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన మైసిన్‌లో అలాంటి నియమాలు సుమారు 600. తర్కించే యంత్రాన్ని కట్టడం కన్నా, నిపుణుల నోట ఆ నియమాలను రాబట్టడమే కష్టమని ఈ రంగానికి ఆద్యుల్లో ఒకరైన ఎడ్వర్డ్ ఫైగన్‌బామ్ గుర్తించాడు. ఒక్కరి అనుభవం చాలని చోట పలువురిని ఒకే తెర మీద కూర్చోబెట్టే సామూహిక సాఫ్ట్‌వేర్ అవసరమవుతుంది. అక్కడే తత్త్వశాస్త్ర ప్రశ్న పుడుతుంది: ఎవరి మాట ప్రమాణం? అందరూ ఒప్పుకున్నంత మాత్రాన అది నిజమవుతుందా?

న్యాయదర్శనం ఒప్పుకున్న నాలుగు ప్రమాణాల్లో చివరిది శబ్దం, అంటే ఆప్తుడి మాట. నేటి తెలుగులో ఆప్తుడంటే దగ్గరివాడు. శాస్త్రంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేవాడు. తర్కసంగ్రహకర్త, తెలుగువాడైన అన్నంభట్టు ఇచ్చిన నిర్వచనం ఇదే. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఆప్తుడికి రెండు గుణాలు ముఖ్యమన్నాడు: విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండటం, చూసింది చూసినట్టు చెప్పాలనే కోరిక ఉండటం. ఈ లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒక్కటేనని కూడా తేల్చాడు. కాబట్టి మాటకు విలువనిచ్చేది హోదా కాదు, విషయంతో ఉన్న పరిచయం.

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాకు చెందిన మర్ఖేల్ వంటి, తెలుగు, మరాఠీ రెండూ వినిపించే సరిహద్దు ఊళ్లో పత్తి తెగుళ్ల మీద నిపుణ వ్యవస్థ కట్టాలనుకుంటే ఈ సూత్రం ఎంత అవసరమో తెలుస్తుంది. గులాబీ రంగు పురుగు సోకిన పువ్వు విచ్చుకోదు; రేకులు అతుక్కుని ముడుచుకుపోతాయి. తెలుగు రైతులు వాటిని గుడ్డిపూలంటారు, మరాఠీ రైతులు డోమకళీ అంటారు. పురుగు జీవితచక్రం శాస్త్రవేత్తకు తెలుసు. తన చేనులో గుడ్డిపూలు ఎప్పుడు, ఏ మూల మొదలయ్యాయో రైతుకు తెలుసు. సాఫ్ట్‌వేర్ ఈ రెండు పేర్లనూ రెండు లక్షణాలుగా ఎంచితే ఒకే సాక్ష్యం రెండుసార్లు లెక్కకొస్తుంది. అందుకే నియమాల కన్నా ముందు అందరూ ఒప్పుకున్న పదకోశం ఉండాలి.

తెలిసినదంతా మాటల్లో పెట్టలేమని తత్త్వవేత్త మైకేల్ పొలానీ 1966లో వివరించాడు. మొక్కను చూడగానే జబ్బు పసిగట్టే రైతును నియమం చెప్పమంటే తడుముకుంటాడు. ఆకు చూపిస్తే గలగలా మాట్లాడతాడు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పి.కృష్ణారెడ్డి నేతృత్వంలో రూపొంది, 2004లో వరంగల్ జిల్లా పత్తి చేలలో అమలైన ఈ-సాగు ఈ దారినే పట్టింది. ఊళ్లోని సమన్వయకర్త చేను ఫొటోలు, వివరాలు పంపితే, హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులు వాటిని చూసి ఆ చేనుకు తగిన సలహా రాసేవారు. అది నియమాలతో నడిచే నిపుణ వ్యవస్థ కాదు. అయినా అలాంటి సలహాలు పోగుపడిన చోట నియమాలకు కావలసిన ముడిసరుకు దొరుకుతుంది.

పలువురు కలిసినప్పుడు పెద్దవారి ముందు చిన్నవారు నోరు మెదపరు. 1950లలో అమెరికా పరిశోధన సంస్థ రాండ్‌లో పుట్టిన డెల్ఫీ పద్ధతి పేర్లు దాచి, అభిప్రాయాలను విడతలుగా సేకరించి ఈ జంకును తొలగించింది. అయితే చెప్పినవాడికి ఆ సంగతి ఎలా తెలిసిందో కూడా దాచేస్తే ఆప్తత్వాన్ని పరీక్షించే వీలుండదు. పేరు మరుగున ఉండవచ్చు, ఆధారం మాత్రం కనబడాలి. వైద్యులు తమలో తాము చేసే చర్చను చరకసంహిత రెండు రకాలుగా విడదీసింది: స్నేహంగా సాగే సంధాయ సంభాష, గెలుపు కోసం సాగే విగృహ్య సంభాష. జ్ఞానం పెరిగేది మొదటిదానితో. ఓట్లు లెక్కపెట్టి భిన్నస్వరాన్ని చెరిపేసే సాఫ్ట్‌వేర్ రెండోదానికే తోడ్పడుతుంది.

ఏకాభిప్రాయం సత్యానికి గుర్తు కావచ్చు గాని, సత్యం కాదు. ప్రతి నియమం పక్కన ఏం చూశారు, ఎలా చూశారు, విభేదించినవారు ఎందుకు విభేదించారు అన్న మూడూ నిలిచి ఉంటేనే యంత్రం చెప్పే సలహాను ఆప్తవాక్యంగా తీసుకోవచ్చు.