చూడలేదనుట చాలునా?

(ద్వితీయోపదేశకాండము 22:8)



మన గ్రామములలోనికి కూడ కార్లు వచ్చినవి. మన సంఘపు యౌవనస్థులు అనేకులు వాటిని నడుపుట నేర్చుకొనుచున్నారు. ఇందునుగూర్చి సంతోషించుచు, ఒక ప్రశ్నను మీ యెదుట పెట్టగోరుచున్నాము. కారు కదలునప్పుడు ఒకనికి హాని కలిగినయెడల, చూడలేదని చెప్పినవాడు నిర్దోషి యగునా?

ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట, క్రొత్తగా నేర్చుకొనుచున్న యౌవనస్థుడొకడు మందిరపు ఆవరణములో నిలిపిన కారును కదల్చబోయెను. వెనుక చక్రము చెంత మూడేండ్ల బిడ్డ కూర్చుండి గులకరాళ్లు ఏరుకొనుచుండెను. ఒక తల్లి కేకవేయగా కారు ఆగెను. అతడు వణకుచు, "చూడలేదండీ" అనెను. అది అబద్ధము కాదు. అయినను ఆ మాటతో మా మనస్సు నెమ్మది పొందలేదు.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము నియమించెను. గోడ లేక యెవడైన పడినయెడల దోషము ఇంటివానిదే. అతడెవనిని త్రోయలేదు, అపాయము నెరిగియు ముందుగా చేయవలసిన పని చేయలేదు.

కారు నడుపువానికి చూపే పిట్టగోడ. ఎక్కకమునుపే కారు చుట్టు నడచి చూడవలెను. సీటు బెల్టు పెట్టుకొని, హ్యాండు బ్రేకు వేసియున్నదనియు గేరు న్యూట్రలులో నున్నదనియు తెలిసికొని, క్లచ్చి త్రొక్కి ఇంజను స్టార్టు చేయవలెను. మొదటి గేరు వేసి, లోపలి అద్దములోను ప్రక్క అద్దములలోను చూడవలెను. రోడ్డు ఎడమ ప్రక్కనుండి బయలుదేరునప్పుడు కుడి ఇండికేటరు వేసి, అద్దములకు అందని చోటుకొరకు కుడి భుజముమీదుగా తల త్రిప్పి చూడవలెను. దారి ఖాళీగా నున్నప్పుడే క్లచ్చిని మెల్లగా వదలుచు, బండి లాగుచున్నట్లు తెలియగానే హ్యాండు బ్రేకు దింపవలెను. ఇంజను ఆగిపోయి చూచువారు నవ్వినను, వెనుక హారను మ్రోగినను, సిగ్గుచేత తొందరపడకుడి. మరల మొదటినుండి ఆరంభించుడి. నేర్చుకొనువాడు లెర్నరు లైసెన్సు పొంది, లైసెన్సుగల శిక్షకుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, బండికి ముందు వెనుకల ఎర్రని 'ఎల్' అక్షరము పెట్టవలెనని చట్టము కూడ చెప్పుచున్నది.

ఇంత చూచినను ప్రమాదము జరుగదా అని యెవరైన అడుగవచ్చును. జరుగవచ్చును. తెలియక ప్రాణము తీసినవానికి ఆశ్రయపురములను ఏర్పరచినవాడును ఆ దేవుడే (సంఖ్యాకాండము 35). కావున ఆ యౌవనస్థునికి మేము తీర్పు తీర్చలేదు. అయితే ఆశ్రయపురమున్నదని పిట్టగోడ కట్టుట మానవచ్చునా? కనికరము పడినవానిని లేవనెత్తుటకే గాని, అజాగ్రత్తను కప్పుటకు కాదు.

చిన్నవారిని తక్కువగా ఎంచవద్దని మన ప్రభువు హెచ్చరించెను (మత్తయి 18:10). చక్రము చెంతనున్న బిడ్డ ఆ చిన్నవారిలో ఒకడు. వానికొరకు తల త్రిప్పి చూచుటయు పొరుగువానిని ప్రేమించుటయే. ప్రభువు మన కన్నులను తెరచునుగాక. ఆమేన్.